గోలీ తిరగరాసిన ఆట

2011 సెప్టెంబరు 18. డబ్లిన్ నగరంలోని క్రోక్ పార్క్ స్టేడియం కిక్కిరిసి ఉంది. ఆల్ ఐర్లండ్ గేలిక్ ఫుట్‌బాల్ ఫైనల్ అదనపు నిమిషాల్లోకి వచ్చేసింది. డబ్లిన్, కెరీ జట్ల స్కోర్లు సమం. అప్పుడు డబ్లిన్‌కు ఒక ఫ్రీ కిక్ దొరికింది. దూరం సుమారు 40 మీటర్లు. ఆ జట్టులో పేరున్న ఫార్వర్డ్‌లు ఉన్నారు, కానీ బంతి దగ్గరకు వచ్చింది వాళ్లెవరూ కాదు. తన గోల్ వదిలిపెట్టి, మైదానం దాటి, గోల్‌కీపర్ స్టీఫెన్ క్లక్స్‌టన్ వచ్చాడు. బంతిని నేల మీద పెట్టాడు, నాలుగడుగులు వెనక్కి వేశాడు, ఎడమ కాలితో కొట్టాడు. బంతి స్తంభాల మధ్య నుంచి, అడ్డకమ్మీ పైనుంచి వెళ్లిపోయింది. స్టేడియం హోరెత్తిపోయింది. అతడు మాత్రం వెనుదిరిగి, మ్యాచ్ ఇంకా ముగియలేదు కదా అన్నట్టు, తన గోల్ వైపు పరుగు తీశాడు. డబ్లిన్ 1-12, కెరీ 1-11. పదహారేళ్ల తర్వాత రాజధాని జట్టుకు ఆల్ ఐర్లండ్ టైటిల్ దక్కింది.

అతడి పేరు ఐర్లండ్‌లో ఇప్పుడు మళ్లీ వినిపించడానికి కారణం ఆ తన్ను కాదు. 2025 సీజన్ నుంచి గేలిక్ ఫుట్‌బాల్‌లో కొత్త నిబంధనలు వచ్చాయి. గోల్‌కీపర్ బంతిని తిరిగి ఆటలోకి పంపే ‘కిక్ అవుట్’ ఇకపై గోల్ ముందు గీసిన 40 మీటర్ల అర్ధవృత్తాన్ని దాటి తీరాలి. పొట్టి కిక్ అవుట్లకు ఆ గీతతో కాలం చెల్లింది. ఆ పొట్టి కిక్‌ను ఒక శాస్త్రంలా తీర్చిదిద్ది, దేశమంతా అనుకరించేలా చేసినవాడు క్లక్స్‌టన్. ఒక ఆటగాడు నేర్పిన విద్యను కట్టడి చేయడానికి పాలకులు నిబంధనలనే మార్చాల్సి వచ్చిందంటే, ఆ ఆటగాడి ముద్ర ఎంత లోతైనదో అర్థమవుతుంది.

బాక్స్: ఆట ఇలా సాగుతుంది

జట్టుకు 15 మంది. మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్లు, వెడల్పు 80 నుంచి 90 మీటర్లు. గోల్‌స్తంభాలు ఇంగ్లిష్ అక్షరం ‘హెచ్’ ఆకారంలో ఉంటాయి. బంతి అడ్డకమ్మీ పైనుంచి వెళితే ఒక పాయింట్, కింద వలలో పడితే గోల్, అంటే మూడు పాయింట్లు. 1-12 అంటే ఒక గోల్, 12 పాయింట్లు, మొత్తం 15. బంతిని చేత్తో పట్టవచ్చు, పిడికిలితో కొట్టి అందించవచ్చు, కాలితో తన్నవచ్చు. చేత్తో పట్టుకుని నాలుగడుగులకు మించి నడవకూడదు. ఆ తర్వాత నేలకేసి కొట్టాలి, లేదా పాదం మీదికి వదిలి తిరిగి చేతిలోకి తెచ్చుకోవాలి. కౌంటీ (జిల్లా) జట్ల సీనియర్ మ్యాచ్ 70 నిమిషాలు. 2025 నుంచి అర్ధవృత్తం బయటి నుంచి కొట్టిన పాయింటుకు రెండు పాయింట్లు ఇస్తున్నారు.

జీతం లేని తారలు

క్లక్స్‌టన్ 1981 డిసెంబరులో పుట్టాడు. ఉత్తర డబ్లిన్‌లోని కూలాక్ ప్రాంతం అతడిది, క్లబ్ పార్నెల్స్. వృత్తి హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పడం. ఆదివారం ఎనభై రెండు వేల మంది ముందు ఆడి, సెలవు ముగియగానే తరగతి గదిలోకి వెళ్లడం అతడి జీవితంలో మామూలు సంగతి. ఐపీఎల్ వేలంలో కోట్లు పలికే పేర్లకు అలవాటుపడిన మన పాఠకులకు ఇది నమ్మశక్యంగా అనిపించదు. కానీ గేలిక్ ఫుట్‌బాల్‌లో ఆటగాళ్లకు జీతాలు లేవు. ప్రయాణ ఖర్చులు ఇస్తారు, ప్రభుత్వం నుంచి కొద్దిపాటి గ్రాంటు అందుతుంది, అంతే. వారంలో నాలుగైదు రోజులు ఉద్యోగం ముగించుకుని సాధనకు వెళతారు. క్లక్స్‌టన్ సహచరుల్లో జాక్ మెకాఫ్రీ వైద్యుడు, బ్రయన్ ఫెంటన్ ఫిజియోథెరపిస్టు, బెర్నార్డ్ బ్రోగన్ అకౌంటెంటు. జట్టును వరుస విజయాల వైపు నడిపిన మేనేజర్ జిమ్ గావిన్ ఒకప్పటి సైనిక పైలట్.

జట్లు మారడం కూడా సాధారణంగా ఉండదు. పుట్టి పెరిగిన ఊరి క్లబ్బుకు ఆడాలి, ఆ క్లబ్ ఉన్న కౌంటీకి ఆడాలి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే. దీవి మొత్తం మీద అలాంటివి 32. చిన్న కౌంటీలో పుట్టిన గొప్ప ఆటగాడు జీవితమంతా ఒక్క కప్పూ గెలవకుండానే రిటైరవుతాడు. అయినా పక్క కౌంటీకి వెళ్లిపోవాలనుకోడు. ఈ ఆటకున్న బలం ఇక్కడే ఉంది. గెలుపోటములను పక్కింటివాళ్లు పంచుకుంటారు, బడిలో పిల్లలు తమ మాస్టారి మ్యాచ్ గురించి మాట్లాడుకుంటారు.

ఈ వ్యవస్థను నడిపేది గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్. 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని థర్ల్స్ పట్టణంలో, ఒక హోటల్లో, మైకేల్ క్యూసాక్ చొరవతో ఇది పుట్టింది. బ్రిటిష్ పాలనలో అణగారిపోతున్న సొంత ఆటలను నిలబెట్టుకోవడం దాని లక్ష్యం. 1920 నవంబరు 21న క్రోక్ పార్క్‌లో డబ్లిన్, టిప్పరరీ జట్లు ఆడుతుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపాయి. 14 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకరు. ఇప్పటికీ విజేత జట్టు కెప్టెన్ కప్పు అందుకునేది ఆయన పేరున్న హోగన్ స్టాండ్ మెట్లెక్కే. ఆ మెట్లను క్లక్స్‌టన్ అన్నిసార్లు ఎక్కిన కెప్టెన్ మరొకరు లేరు.

ఓటముల దశాబ్దం

డబ్లిన్ సీనియర్ జట్టు తరఫున అతడు తొలి ఛాంపియన్‌షిప్ మ్యాచ్ ఆడింది 2001లో. 2002 నాటికి స్థానం ఖాయం చేసుకున్నాడు, అదే ఏడాది ఉత్తమ జట్టుకిచ్చే ‘ఆల్ స్టార్’ గౌరవం అందుకున్నాడు. చూసేవాళ్లకు అంతా సాఫీగా కనిపించింది. కానీ ఆ తర్వాతి ఎనిమిదేళ్లు డబ్లిన్‌కు చేదు కాలం.

2002 సెమీఫైనల్లో ఆర్మా చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. చివర్లో కొట్టిన ఫ్రీ కిక్ స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. 2003లో అదే ఆర్మాతో మ్యాచ్‌లో క్లక్స్‌టన్ ప్రత్యర్థిపై కాలు విసిరి ఎర్రకార్డు చూశాడు. డబ్లిన్ ఓడిపోయింది. 2006 సెమీఫైనల్లో మేయోపై ఏడు పాయింట్ల ఆధిక్యం చేజారింది. 2008లో టైరోన్ 12 పాయింట్ల తేడాతో, 2009లో కెరీ 17 పాయింట్ల తేడాతో చిత్తు చేశాయి. 2010లో మీత్ జట్టు అతడిని దాటించి ఏకంగా ఐదు గోల్స్ కొట్టింది. గోల్‌కీపర్‌కు అంతకన్నా పెద్ద అవమానం ఉండదు. అతడు తప్పుకోలేదు. మేనేజర్ పాట్ గిల్‌రాయ్ అతడిని తప్పించనూ లేదు. ఆ ఏడాది సెమీఫైనల్లో కార్క్‌తో డబ్లిన్ ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. క్లక్స్‌టన్‌కు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు దాటాయి, ఒక్క ఆల్ ఐర్లండ్ పతకం కూడా లేదు. గొప్ప కెరీర్ల గురించి రాసేటప్పుడు ఇలాంటి ఏళ్లను దాటేయడం పరిపాటి. ఇతడి విషయంలో మాత్రం ఈ ఏళ్లే పునాది. తర్వాతి దశాబ్దంలో డబ్లిన్ చూపిన నిబ్బరం ఈ ఓటముల్లోంచి వచ్చిందే.

2011 ఫైనల్లోనూ చివరి ఏడెనిమిది నిమిషాల వరకు గెలుపు కెరీదే అనిపించింది. వాళ్లకు నాలుగు పాయింట్ల ఆధిక్యం. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన కెవిన్ మెక్‌మనమన్ గోల్‌తో లెక్క మారింది. కెవిన్ నోలన్ స్కోరు సమం చేశాడు. డబ్లిన్ ముందంజ వేస్తే కీరన్ డొనహీ మళ్లీ సమం చేశాడు. ఆ తర్వాతే క్లక్స్‌టన్ ఫ్రీ కిక్.

బంతి ఎవరి చేతికి?

ప్రత్యర్థి కొట్టిన బంతి బయటికి పోయినా, పాయింటు వచ్చినా, ఆట మళ్లీ మొదలయ్యేది గోల్‌కీపర్ కిక్ అవుట్‌తోనే. ఒక మ్యాచ్‌లో ఇలాంటివి పదుల సంఖ్యలో ఉంటాయి. నూరేళ్లకు పైగా గోల్‌కీపర్లు ఒకే పని చేశారు: శక్తికొద్దీ బంతిని మైదానం మధ్యకు తన్నడం. అక్కడ ఇరు జట్ల పొడగరులు గాల్లోకి ఎగిరి దాన్ని అందుకోవడానికి పోటీపడేవారు. ఆ ఎగిరి పట్టే దృశ్యమే గేలిక్ ఫుట్‌బాల్ అందమని అభిమానులు భావించేవారు. కెరీకి చెందిన మిక్ ఓకానెల్, జాక్ ఓషే ఆ విద్యతోనే పేరు సంపాదించారు. అయితే అందులో ఒక మెలిక ఉంది. బంతి ఎవరికి దక్కుతుందో చెప్పలేం. తన చేతిలో ఉన్న బంతిని ప్రతిసారీ అదృష్టానికి వదిలేయడం గోల్‌కీపర్ పనిగా ఉండేది.

క్లక్స్‌టన్ ఆ అదృష్టాన్ని లెక్కలోంచి తీసేశాడు. బంతి బయటికి పోయిన క్షణంలోనే అతడు బంతిని నిలిపే ‘టీ’ మీద మరో బంతి పెట్టి సిద్ధంగా ఉండేవాడు. ప్రత్యర్థులు వెనుదిరిగి తమ మనిషిని వెతుక్కునేలోపే బంతి ఏ మూలనో ఖాళీగా ఉన్న డిఫెండర్ గుండెల మీద పడేది. దగ్గర దారులు మూసేస్తే మధ్యదూరం, అవీ మూసేస్తే పక్క గీత వెంబడి పొడవాటి తన్ను. అది కూడా ఆటగాడు నిలబడ్డ చోటికి కాదు, అతడు పరుగెత్తి చేరుకోబోయే చోటికి. దీనికి పది మంది సహకరించాలి. ఒకరు ఉత్తుత్తి పరుగుతో ప్రత్యర్థిని లాక్కుపోతే మరొకరు ఆ ఖాళీలోకి దూరాలి. అందరికంటే ముందు సాధనకు వచ్చి, ఒంటరిగా బంతుల మీద బంతులు తన్నుతూ ఉండే మనిషిగా సహచరులు అతడిని గుర్తుచేసుకుంటారు.

ఫలితం ఏమిటంటే, ప్రత్యర్థి పాయింటు కొట్టిన మరుక్షణమే బంతి మళ్లీ డబ్లిన్ చేతిలో ఉండేది. ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ అంటే గోల్ ముందు గోడ కట్టడమని అనుకునేవారికి ఇది కొత్త పాఠం. బంతి మన దగ్గర ఉన్నంతసేపు అవతలివాడు స్కోరు చేయలేడు. దాడి మొదలయ్యేది ఫార్వర్డ్ దగ్గర కాదు, గోల్‌కీపర్ కాలి దగ్గర. గేలిక్ ఫుట్‌బాల్‌లో ఇంతకన్నా పెద్ద ఆలోచన గత యాభై ఏళ్లలో రాలేదని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇది ఎప్పుడూ పనిచేసిందనుకుంటే పొరపాటు. 2016 సెమీఫైనల్లో కెరీ అతడి దారులన్నీ మూసేసింది. మొదటి అర్ధభాగం చివర్లో కిక్ అవుట్లు గురి తప్పాయి, కొద్ది నిమిషాల్లోనే కెరీ రెండు గోల్స్ కొట్టి ముందుకెళ్లింది. డబ్లిన్ తేరుకుని 0-22, 2-14తో గట్టెక్కింది. విరామం తర్వాత అదే మనిషి అదే తన్నులను మళ్లీ ధైర్యంగా తన్నాడు. సాంకేతిక నైపుణ్యం కన్నా ఆ ధైర్యమే అరుదు.

కిక్ అవుట్ విలువను ప్రత్యర్థులు ఎంత తీవ్రంగా తీసుకున్నారో అదే ఏడాది ఫైనల్ చెబుతుంది. మేయోతో తొలి మ్యాచ్ డ్రా అయింది. రీప్లేకు మేయో తన గోల్‌కీపర్ డేవిడ్ క్లార్క్‌ను పక్కనపెట్టి రాబ్ హెనెల్లీని దించింది. కిక్ అవుట్లు మెరుగుపడతాయన్న ఆశే అందుకు కారణం. హెనెల్లీ బంతి జారవిడిచి, ఫౌల్ చేసి, బ్లాక్ కార్డుతో బయటికెళ్లాడు. ఆ ఫౌల్‌కు దొరికిన పెనాల్టీతో డబ్లిన్ గోల్ సాధించి, 1-15, 1-14తో గెలిచింది. ఏడాది చివర్లో ఆల్ స్టార్ గోల్‌కీపర్‌గా ఎంపికైంది మాత్రం మేయో పక్కనపెట్టిన క్లార్కే.

బాక్స్: సామ్ మగ్వైర్ కప్పు

ఆల్ ఐర్లండ్ సీనియర్ ఫుట్‌బాల్ విజేతకు ఇచ్చే కప్పుకు సామ్ మగ్వైర్ పేరు పెట్టారు. కార్క్ కౌంటీలోని డన్‌మన్‌వే ఆయన సొంత ఊరు. లండన్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ అక్కడి గేలిక్ జట్టుకు ఆడారు, ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటంలో రహస్యంగా పనిచేశారు. 1927లో మరణించారు. 1928 నుంచి ఆయన పేరిట కప్పు ఇస్తున్నారు. 2025 నాటికి కెరీ 39 టైటిళ్లతో అగ్రస్థానంలో ఉంది, డబ్లిన్‌వి 31.

ఆరు వరుసగా

2013లో జిమ్ గావిన్ మేనేజర్‌గా వచ్చి క్లక్స్‌టన్‌కు కెప్టెన్సీ ఇచ్చాడు. 1995లో డబ్లిన్ గెలిచినప్పుడు కూడా కెప్టెన్ గోల్‌కీపరే, జాన్ ఓలియరీ. 2013 ఫైనల్లో మేయోపై ఒక్క పాయింటు తేడాతో విజయం. 2014 సెమీఫైనల్లో డొనెగల్ చేతిలో అనూహ్య ఓటమి. దాని తర్వాత డబ్లిన్ ఛాంపియన్‌షిప్‌లో ఓడింది 2021 ఆగస్టులో! మధ్యలో 2015 నుంచి 2020 వరకు వరుసగా ఆరు టైటిళ్లు.

అంతకుముందు నాలుగు వరుస టైటిళ్లే హద్దు. వెక్స్‌ఫర్డ్ ఒకసారి, కెరీ రెండుసార్లు అక్కడిదాకా వచ్చాయి. 1982లో కెరీ ఐదో టైటిల్ వాకిట్లో ఉండగా ఆఫలీ ఆటగాడు షేమస్ డార్బీ చివరి నిమిషాల్లో గోల్ కొట్టి కల చెరిపేశాడు. ముప్పై ఏడేళ్ల తర్వాత, 2019లో, డబ్లిన్‌కు అదే పరీక్ష ఎదురైంది. ఎదురుగా మళ్లీ కెరీయే. ఫైనల్ మొదటి అర్ధభాగంలోనే డబ్లిన్ డిఫెండర్ ఒకరు ఎర్రకార్డుతో వెళ్లిపోయారు. అంతకుముందే కెరీకి పెనాల్టీ దొరికింది. పాల్ గీనీ కొట్టిన బంతిని క్లక్స్‌టన్ ఆపేశాడు. మ్యాచ్ 1-16తో సమమైంది. ఆ పెనాల్టీ లోపలికి వెళ్లి ఉంటే రీప్లే అవసరమే పడేది కాదు. రీప్లేలో డబ్లిన్ 1-18, 0-15తో గెలిచి చరిత్రకెక్కింది. ఆ ఏడాది అతడు వందో ఛాంపియన్‌షిప్ మ్యాచ్ మైలురాయి దాటాడు, ‘ఫుట్‌బాలర్ ఆఫ్ ది ఇయర్’గా ఎంపికయ్యాడు. ఆ పురస్కారం 37 ఏళ్ల గోల్‌కీపర్‌కు దక్కింది.

2020 టైటిల్ తీరు వేరు. కొవిడ్ వల్ల ఫైనల్ డిసెంబరు 19న, ప్రేక్షకులు లేని క్రోక్ పార్క్‌లో జరిగింది. క్రోక్ పార్క్ కాల్పులకు అది నూరో ఏడు. 1920లో సెమీఫైనల్ చేరిన డబ్లిన్, మేయో, టిప్పరరీ, కావన్ జట్లే మళ్లీ చివరి నాలుగులో నిలవడం అందరినీ కదిలించింది.

ఈ ఆధిపత్యం అందరికీ నచ్చలేదు. రాజధాని జనాభా, స్పాన్సర్లు, బాలల శిక్షణకు అందిన ప్రత్యేక నిధులు చూపించి మిగతా కౌంటీలు పోటీ సమానంగా లేదని వాదించాయి. ఆ వాదనలో నిజముంది. అయితే నిధులు అంతకుముందూ వచ్చాయి, జనం అంతకుముందూ ఉన్నారు, 1995కూ 2011కూ మధ్య డబ్లిన్ ఒక్కసారీ గెలవలేదు. డబ్బు పిల్లలను మైదానానికి రప్పించగలదు, చివరి నిమిషంలో బంతిని ఎవరికి అందించాలో చెప్పలేదు.

మాట్లాడని కెప్టెన్, చెప్పని వీడ్కోలు

ఇంతటి ఆటగాడి గొంతు ఐర్లండ్ ప్రజలు విన్నది చాలా తక్కువ. ఇంటర్వ్యూలు అరుదు. కప్పు అందుకున్నప్పుడు చేసే ప్రసంగం క్లుప్తం. 2021 సీజన్‌లో అతడు జట్టులో కనిపించలేదు. రిటైర్మెంట్ ప్రకటన రాలేదు, వీడ్కోలు సభ జరగలేదు. ఎవాన్ కమర్‌ఫోర్డ్ గోల్‌లోకి వచ్చాడు, డబ్లిన్ 2021, 2022 సెమీఫైనల్స్‌లో ఓడింది. క్లక్స్‌టన్ కథ ముగిసిందని అందరూ అనుకున్నారు.

2023 వసంతంలో ఒక లీగ్ మ్యాచ్ సబ్‌స్టిట్యూట్ల వరుసలో అతడి పేరు ప్రత్యక్షమైంది. వయసు 41. మేనేజర్ డెస్సీ ఫారెల్ పిలిచాడు, అతడు వచ్చాడు. ఛాంపియన్‌షిప్‌లో మళ్లీ గోల్ ముందు నిలబడ్డాడు. జులై 30న ఫైనల్లో డబ్లిన్ 1-15, కెరీ 1-13. క్లక్స్‌టన్‌తో పాటు జేమ్స్ మెకార్తీ, మైకేల్ ఫిట్జ్‌సైమన్స్ తొమ్మిదేసి ఆల్ ఐర్లండ్ పతకాలు అందుకున్నారు. అప్పటిదాకా సీనియర్ ఫుట్‌బాల్‌లో రికార్డు ఎనిమిది. దాన్ని తొలుత నెలకొల్పింది పాట్ స్పిలేన్, పాడీ ఓ షే, మైకీ షీహీ, జర్ పవర్, ఓగీ మొరాన్, ఐదుగురూ కెరీవాళ్లే. 2024లో క్వార్టర్‌ఫైనల్లో గాల్వే చేతిలో డబ్లిన్ ఒక్క పాయింటు తేడాతో ఓడింది. అతడు ఛాంపియన్‌షిప్‌లో ఆడిన చివరి ఏడాది అదే.

బాక్స్: కెరీర్ అంకెల్లో

ఆల్ ఐర్లండ్ టైటిళ్లు: 9 (2011, 2013, 2015 నుంచి 2020 వరకు, 2023).
కెప్టెన్‌గా గెలిచినవి: 7.
తొలి, చివరి ఛాంపియన్‌షిప్ సీజన్లు: 2001, 2024.

గీత మారింది

క్లక్స్‌టన్ చూపిన దారిలో ఒక తరం గోల్‌కీపర్లు నడిచారు. మోనహన్‌కు చెందిన రోరీ బెగన్, టైరోన్‌కు చెందిన నీల్ మోర్గాన్ దూరపు ఫ్రీ కిక్‌లు కొట్టడమే కాదు, గోల్ వదిలి మైదానం మధ్యదాకా వచ్చి అదనపు ఆటగాడిగా మారారు. డొనెగల్ గోలీ షాన్ పాటన్ బంతిని ఎంతో దూరం, తక్కువ ఎత్తులో, బాణంలా పంపగలడు. ఈ కాళ్ల విలువ సముద్రం అవతలికీ తెలిసింది. డౌన్ కౌంటీ గోల్‌కీపర్ చార్లీ స్మిత్‌ను 2024లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ కిక్కర్‌గా తీసుకుంది.

దీనికి మరో వైపు ఉంది. బంతిని పోగొట్టుకోకూడదన్న పాఠాన్ని అన్ని జట్లూ వంటబట్టించుకున్నాయి, కానీ డబ్లిన్ దగ్గరున్న వేగం, సాహసం అందరి దగ్గరా లేవు. పొట్టి కిక్ అవుట్, పక్కకు పాస్, వెనక్కి పాస్, మళ్లీ గోల్‌కీపర్‌కు పాస్. అవతల పదిహేను మందీ తమ గోల్ ముందు గోడలా నిలబడితే ఇవతలివాళ్లు చేతులతో బంతి మార్చుకుంటూ నిమిషాలు గడిపారు. ప్రేక్షకులు విసుగెత్తిపోయారు. ఎగిరి పట్టే విద్య కనుమరుగవుతోందన్న బాధ పాతతరంలో గట్టిగా వినిపించింది. 2017లో కిక్ అవుట్‌ను దూరంలో శుభ్రంగా అందుకున్నవారికి ఫ్రీ కిక్ ఇచ్చే ‘మార్క్’ నిబంధన తెచ్చారు. అది సరిపోలేదు.

2024లో ఆటను సంస్కరించడానికి వేసిన కమిటీకి అధ్యక్షుడు మరెవరో కాదు, క్లక్స్‌టన్ కిక్ అవుట్ల మీద డబ్లిన్ సామ్రాజ్యాన్ని నిలిపిన జిమ్ గావినే. ఆ పద్ధతి లోపలి గుట్టు తెలిసినవాడు కాబట్టే దాని పగ్గం ఎక్కడ పట్టాలో ఆయనకు తెలుసు. కిక్ అవుట్ 40 మీటర్ల అర్ధవృత్తం దాటాలి. సొంత సగంలో జట్టు సభ్యులు గోల్‌కీపర్‌కు ఇష్టారాజ్యంగా బంతి వెనక్కి ఇవ్వకూడదు. ప్రతి జట్టూ అవతలి సగంలో ముగ్గురిని ఎప్పుడూ ఉంచాలి. 2025లో ఈ మార్పులతో ఆట వేగం పెరిగింది, స్కోర్లు పెరిగాయి, కిక్ అవుట్ కోసం మధ్య మైదానంలో మళ్లీ చేతులు గాల్లోకి లేచాయి. ఆ ఏడాది ఫైనల్లో కెరీ 1-26, డొనెగల్ 0-19.

కొత్త నిబంధన గోల్‌కీపర్ పనిని తేలిక చేయలేదు, ఇంకా కష్టం చేసింది. దగ్గరి ఖాళీ పోయింది కాబట్టి దూరపు ఖాళీని వెతకాలి. ఎవరు ఏ పక్క నుంచి పరుగు మొదలుపెట్టారో, గాలి ఎటు వీస్తోందో, అవతలి పొడగరి ఎక్కడ కాచుకున్నాడో కొన్ని సెకన్లలో గమనించి, 50, 60 మీటర్ల అవతల కదులుతున్న మనిషి చేతుల్లోకి బంతిని పంపాలి. కౌంటీ జట్లు ఇప్పుడు గోల్‌కీపర్‌ను ఎంచుకునేటప్పుడు బంతిని ఎంత బాగా ఆపుతాడన్నది ఎంత చూస్తాయో, తన్ను ఎంత దూరం, ఎంత కచ్చితంగా పడుతుందన్నదీ అంతే చూస్తాయి.